అర పాయింటు ఛాంపియన్: నికీ లౌడా కెరీర్ లెక్క

మా మేనల్లుడు శ్రీకాకుళంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది కదా, దాన్ని టీవీలో చూసినప్పటి నుంచి వాడికి రేసింగ్ తప్ప వేరే మాట లేదు. ఇప్పటి రేసులు చూడటం అయ్యాక పాత సీజన్ల మీద పడ్డాడు. మొన్న పండక్కి ఇంటికొచ్చినప్పుడు 1984 ఫార్ములా వన్ కార్ల రేసుల పాయింట్ల పట్టిక ఫోన్లో చూపించి అడిగాడు.

"అదేటి మావయ్యా? ప్రోస్ట్ ఏడు రేసులు గెలిచాడు, లౌడా అయిదే గెలిచాడు. ఛాంపియనేమో లౌడా అంట! అదీ అర పాయింటు తేడాతో. అసలు అర పాయింటు ఎక్కడినుంచి వచ్చింది?"

ఆ రోజు అరుగు మీద కూర్చుని వాడికి చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. నికీ లౌడా ఆస్ట్రియాకు చెందిన ఫార్ములా వన్ డ్రైవరు, అలాన్ ప్రోస్ట్ 1984లో అతని జట్టులోనే రెండో డ్రైవరు. లౌడా మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు: 1975, 1977, 1984. అందులో రెండుసార్లు తనకన్నా ఎక్కువ రేసులు గెలిచినవాళ్లు పట్టికలో తన కింద ఉన్నారు. మరోసారి, 1976లో, ఒకే ఒక్క పాయింటుతో ఓడిపోయాడు. ఆ ఓటమికి కారణమైన గుణం, ఆ మూడు గెలుపులకు కారణమైన గుణం ఒకటేనని నా నమ్మకం. వాడి ప్రశ్నకు అసలు సమాధానం అక్కడుంది.

చిన్న తేడాలు ఎంత పెద్దవో మన జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఆమెకు పైన నిలిచిన ఇద్దరూ చెరో 242.5 కిలోలు ఎత్తారు. ఆ ఇద్దరిలో స్వర్ణం ఎవరిదన్నది ఒంటి బరువు చూసి తేల్చారు. రెండున్నర కిలోల తేడాలో మూడు పతకాలూ సర్దుకున్నాయి. ఆఖరి ప్రయత్నంలో బార్ మీద ఎంత బరువు పెట్టించాలన్నది కూడా ఆటలో భాగమేనని ఆ రోజు టీవీ ముందు కూర్చున్నవాళ్లందరికీ అర్థమైంది. రేసింగ్‌లోనూ అంతే. బలం ఉంటే సరిపోదు, దాన్ని ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకోవాలి.

ముందు కారు సంగతి. ఫార్ములా వన్ కార్లు ఓపెన్ వీల్ కార్లు. ఓపెన్ వీల్ కారంటే చక్రాల మీద రేకు కప్పు ఉండని కారు. నాలుగు చక్రాలూ ఒంటికి దూరంగా, బయటికి ఉంటాయి. మన ఎడ్ల బండి లాగే అన్నమాట. ఇరుకు దారిలో రెండు బళ్లు ఎదురుపడితే బండి తోలేవాడి కళ్లు ఎడ్ల మీద కాకుండా చక్రాల మీద ఉంటాయి, చక్రానికి చక్రం తగిలితే ఏమవుతుందో వాడికి తెలుసు కాబట్టి. గంటకు రెండు వందల కిలోమీటర్ల పైన వేగంలో అదే జరిగితే సంగతి వేరు. ముందు కారు వెనక చక్రం, వెనక అంచులో పైకి తిరుగుతూ ఉంటుంది. వెనకనుంచి వచ్చే కారు ముందు చక్రం దానికి తగిలిందంటే దాని మీదికి ఎక్కేస్తుంది, కారు గాల్లోకి లేస్తుంది. వానలో ఇంకో బాధ. పైన కప్పు లేని ఆ వెడల్పాటి టైర్లు నీటిని చిమ్మి వెనకాల తెల్లటి తెర కట్టేస్తాయి. వెనకున్నవాడికి దారి కనబడదు. లౌడా జీవితంలో రెండు పెద్ద మలుపులకు వాన కారణం, అందుకే ఇది ముందే చెబుతున్నాను.

లౌడా 1949లో వియన్నాలో పుట్టాడు. డబ్బున్న పారిశ్రామిక కుటుంబం. రేసింగ్ అంటే తాతకు అస్సలు గిట్టలేదు. ఒక బ్యాంకు ఇతనికి స్పాన్సర్‌షిప్ ఇస్తానంటే, తాత తన పలుకుబడితో దాన్ని ఆపించాడు. కుర్రాడు ఇంకో బ్యాంకుకు వెళ్లి, జీవిత బీమా పాలసీని హామీగా పెట్టి అప్పు తెచ్చాడు. ఆ డబ్బు మార్చ్ అనే జట్టుకు కట్టి సీటు తీసుకున్నాడు. 1972లో ఆ జట్టు కారు ఎందుకూ పనికిరాలేదు, ఒక్క పాయింటు కూడా రాలేదు. సీటు పోయింది, అప్పు మాత్రం మిగిలింది. మళ్లీ ఏదో సర్దుబాటు చేసుకుని 1973కు బీఆర్ఎం జట్టులో చేరాడు.

డబ్బు కట్టి సీటు తీసుకోవడం అనగానే మా వాడు ముఖం చిట్లించాడు. నాకు మాత్రం విజయనగరం గుర్తొచ్చింది. మన పూసపాటి వారి వంశంలో పుట్టిన మహారాజ్ కుమార్ విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. హోదా, డబ్బు, పలుకుబడి ఆయన్ని ఆ చోట కూర్చోబెట్టాయి. ఆడిన 3 టెస్టుల్లో ఆయన మొత్తం పరుగులు 33. సీటు దాకా తీసుకెళ్లే దారి ఒకటి, సీట్లో కూర్చున్నాక చూపించాల్సిన పని మరొకటి. రేసింగ్‌లో ఈ రెండో భాగాన్ని స్టాప్‌వాచ్ చూసుకుంటుంది కాబట్టి ఎక్కువకాలం దాక్కోవడం కుదరదు. 1973లో మొనాకో వీధుల్లో, బలహీనమైన బీఆర్ఎం కారుతో, ఆగిపోయేలోపు లౌడా కొంతసేపు మూడో స్థానంలో నడిపాడు. ఇటలీ జట్టు ఫెరారీ అధిపతి ఎంజో ఫెరారీ కన్ను అతని మీద పడింది. బీఆర్ఎంలో అతని సహచరుడు క్లే రెగజోని కూడా ఫెరారీకి వెళ్తూ ఇతని గురించి మంచిమాట చెప్పాడు. ఫెరారీ ఇచ్చిన జీతంతో బ్యాంకు అప్పు తీరింది.

ఫెరారీలో అతను చేసిన పని గురించి జనం తక్కువ మాట్లాడతారు. నాకు అదే ఎక్కువ ఇష్టం. చేరిన కొత్తలోనే కారు బాగాలేదని ఎంజో ముఖం మీదే చెప్పేశాడు. స్టీరింగ్ తిప్పినా కారు ముందుభాగం మలుపులోకి రాకుండా బయటికి జారిపోతోందన్నది ఫిర్యాదు. అయితే వారంలో బాగుచేసి వేగం పెంచి చూపించు, లేకపోతే వెళ్లిపో అన్న ధోరణిలో సమాధానం వచ్చింది. లౌడా ఇంజినీరు మౌరో ఫోర్గియేరితో కలిసి ఫియొరానో సొంత ట్రాక్ మీద రోజుల తరబడి చుట్లు కొట్టాడు. 1975కు 312టీ అనే కారు తయారైంది. గేర్‌బాక్సును అడ్డంగా అమర్చి బరువును కారు నడుమకు తెచ్చారు. దాంతో కారు మలుపుల్లోకి చురుగ్గా తిరిగింది. ఆ ఏడాది 5 గెలుపులు, మొదటి టైటిల్. ఫెరారీ డ్రైవరు ఛాంపియన్ కావడం 1964 తర్వాత అదే మొదలు.

ఇక 1976.

ఆ కాలంలో గెలిస్తే 9 పాయింట్లు. తర్వాత వరసగా 6, 4, 3, 2, 1. ఏడో స్థానానికి ఏమీ రాదు. సీజన్ సగానికి వచ్చేసరికి లౌడా చాలా ముందున్నాడు. వెనక తరుముతున్నది మెక్‌లారెన్ జట్టు డ్రైవరు, ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ హంట్. ఆగస్టు 1న జర్మనీలో నూర్‌బుర్‌గ్రింగ్ రేసు. అడవిలో, కొండల్లో దాదాపు 23 కిలోమీటర్ల పొడవున్న చుట్టు. ఎక్కడైనా మంటలు లేస్తే అగ్నిమాపక బండి చేరడానికే చాలాసేపు పడుతుంది. రేసు నడపొద్దని డ్రైవర్ల సమావేశంలో లౌడా వాదించాడు. ఓటింగులో అతని మాట నెగ్గలేదు. ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ ట్రాక్‌ను 7 నిమిషాల లోపు చుట్టిన మొదటి మనిషి అతనే, అంతకుముందు ఏడాదే, రేసు మొదలయ్యే వరస తేల్చే క్వాలిఫయింగ్‌లో 6 నిమిషాల 58.6 సెకన్లలో. అందరికన్నా వేగంగా నడపగలిగినవాడే వద్దన్నాడంటే అది పిరికితనం ఎలా అవుతుంది?

తడి ఆరుతోందని మొదటి ల్యాపు, అంటే మొదటి చుట్టు, అవగానే వాన టైర్లు మార్చి పొడి దారికి వాడే నున్న టైర్లు వేయించుకున్నాడు. రెండో ల్యాపులో కారు అదుపు తప్పి గట్టును గుద్దుకుని, మంటలతో మళ్లీ ట్రాక్ మీదికి వచ్చిపడింది. హెల్మెట్ ఊడిపోయింది. వెనకే వస్తున్న నలుగురు డ్రైవర్లు ఆగారు: మెర్జారియో, ఎడ్వర్డ్స్, లంగర్, ఎర్ట్‌ల్. మంటల్లో చెయ్యిపెట్టి బయటికి లాగింది వాళ్లే. తలా ముఖమూ కాలిపోయాయి. అంతకన్నా ప్రమాదం, విషవాయువులతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆస్పత్రిలో పాదిరి వచ్చి అంత్యకాల ప్రార్థన చేసి వెళ్లాడు. ఫార్ములా వన్ మళ్లీ ఎప్పుడూ ఆ 23 కిలోమీటర్ల చుట్టులో జరగలేదు.

సెప్టెంబరు 12న, ప్రమాదం జరిగిన 42 రోజులకు, అతను ఇటలీలో మోంజా రేసుకు వచ్చాడు. పోగొట్టుకున్నది రెండు రేసులే. కట్లు రక్తంతో తడుస్తుండగా నాలుగో స్థానంలో పూర్తిచేసి 3 పాయింట్లు తెచ్చుకున్నాడు. రాసేటప్పుడు ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అక్టోబరు 24, జపాన్‌లో ఫుజి, సీజన్ చివరి రేసు. లౌడా 68, హంట్ 65. కుండపోత వాన, పైన పొగమంచు. కాలిన కనురెప్పలు సరిగా మూసుకోవు, కళ్లు నీళ్లు కారుతూనే ఉంటాయి. రేసు మొదలైన రెండు ల్యాపులకే లౌడా కారును పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన జట్లు కార్లు చూసుకునే చోటికి, తెచ్చి దిగిపోయాడు. ఇంజిన్ పాడైందని చెబుదామని ఫోర్గియేరి అన్నాడు. వద్దు, నడపకూడదని నేనే నిర్ణయించుకున్నానని చెప్పండి అన్నాడు లౌడా. వాన తగ్గింది. హంట్ చివర్లో టైరు మార్చుకోవాల్సి వచ్చి వెనకబడి, మళ్లీ పుంజుకుని మూడో స్థానంలో ముగించాడు. 4 పాయింట్లు. 69, 68.

ఈ నిర్ణయాన్ని చాలామంది తప్పుబట్టారు. ఇటలీలో పత్రికలు చాలా మాటలన్నాయి. నేను పుట్టి పెరిగింది సముద్రం పక్కన. కళింగపట్నం, భీమిలి రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో వినగానే పడవల్ని ఒడ్డుకు లాగి కట్టేసే ఊళ్లు మావి. ఒకోసారి తుపాను దారి మళ్లి ఒడిశా వైపు పోతుంది, సముద్రం మామూలుగానే ఉంటుంది, ఆ రోజు వేట పోయినట్టే. అయినా ఆ రోజు పడవ దించలేదని ఎవరినీ ఎవరూ ఎత్తిపొడవరు. సాయంత్రానికి సముద్రం ఎలా ఉంటుందో పొద్దున్నే ఎవరికి తెలుసు? పొద్దున్న తెలిసినదాన్ని బట్టే ఎవరైనా నిర్ణయించుకోవాలి. ఫుజిలో లౌడా చేసింది అదే. సీజన్ మొత్తం కష్టం ఆ ఒక్క పాయింటులో పోయింది. అతను ఆ నిర్ణయానికి చింతించలేదు.

ఫెరారీ నమ్మకం మాత్రం సడలింది. అతను కోలుకోడేమోనని మోంజా నాటికే అతని స్థానం కోసం కార్లోస్ రాయిటెమాన్ అనే డ్రైవరును తెచ్చుకున్నారు. 1977లో లౌడా ఇచ్చిన జవాబు చూడండి. ఆ ఏడాది అతను గెలిచిన రేసులు 3. మారియో ఆండ్రెట్టి 4 గెలిచాడు. పాయింట్లలో మాత్రం లౌడా 72, ఆండ్రెట్టి 47. ఎలా? లౌడా ఆరుసార్లు రెండో స్థానంలో వచ్చాడు. ఆరు ఆర్లు 36, మూడు తొమ్మిదులు 27. ఈ రెండింటితోనే 63. ఆండ్రెట్టి కారు వేగంగా ఉండేది కానీ ఇంజిన్లు మొరాయించి ఎన్నో రేసుల్లో మధ్యలోనే ఆగిపోయింది. గెలవలేని రోజున రెండో స్థానంతో సర్దుకుని కారును ఇంటికి తేవడం చూడ్డానికి చప్పగా ఉంటుంది. టీవీలో ఎవరూ దాన్ని రీప్లే వెయ్యరు. ఛాంపియన్‌షిప్ మాత్రం దాంతోనే వచ్చింది. అమెరికాలో వాట్కిన్స్ గ్లెన్ రేసులో నాలుగో స్థానంతో టైటిల్ ఖాయం కాగానే, ఇంకా రెండు రేసులు మిగిలుండగానే, ఫెరారీని వదిలేశాడు.

తర్వాతి రెండేళ్లు బ్రాభమ్ జట్టులో గడిచాయి. 1978లో స్వీడన్‌లో, వెనక పెద్ద ఫ్యాను పెట్టి కారు కింది గాలిని లాగేసే విచిత్రమైన కారుతో గెలిచాడు. ఆ కారు మళ్లీ రేసుకు రాలేదు. 1979లో కెనడా రేసు ప్రాక్టీసు మధ్యలోనే ఇక చాలనుకుని దిగిపోయి విమానాల కంపెనీ పెట్టుకున్నాడు. రెండేళ్లు గడిచాయి. 1982లో మెక్‌లారెన్ పిలిస్తే తిరిగొచ్చి మూడో రేసే గెలిచాడు.

ఆ 1982 మొదటి రేసు, దక్షిణాఫ్రికాలో క్యాలమి, ఒక్క నిమిషం ఆగి చెప్పుకోవాలి. డ్రైవర్లందరి ముందూ కొత్త లైసెన్సు ఫారం పెట్టారు. అందులో డ్రైవర్లను జట్లకు కట్టిపడేసే షరతులున్నాయి. చాలామంది సంతకం పెట్టేశారు. తిరిగొచ్చిన లౌడా ఫారం పూర్తిగా చదివి ఒప్పుకోలేదు. డ్రైవర్లు సమ్మెకు దిగి బస్సెక్కి హోటలుకు వెళ్లిపోయారు, దాదాపు అందరూ ఒకే గదిలో పరుపులేసుకుని రాత్రి గడిపారు, వాళ్లలో ఒకడైన ఎలియో డి ఏంజెలిస్ పియానో వాయించాడు. రేసు జరిగింది కానీ డ్రైవర్ల మాట నెగ్గింది. షరతులు చదవకుండా ఫారాల మీద సంతకాలు పెట్టేసే మనందరికీ ఈ సంగతి చెప్పాలనిపించింది.

ఇప్పుడు మా వాడి ప్రశ్న దగ్గరికి వద్దాం.

1984లో మెక్‌లారెన్ కార్లలో ట్యాగ్ పోర్షే టర్బో ఇంజిన్ ఉంది. 16 రేసుల్లో 12 ఆ జట్టువే. రెండో సీట్లో అలాన్ ప్రోస్ట్, లౌడా కన్నా ఆరేళ్లు చిన్నవాడు, ఒక్క ల్యాపు వేగంలో స్పష్టంగా ముందున్నవాడు. ఈ వేగంలో ప్రోస్ట్‌ను అందుకోలేనని లౌడాకు త్వరగానే తెలిసింది. ఆ ఏడాది అతనికి ఒక్క పోల్ పొజిషన్ (క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం) కూడా లేదు. శనివారం క్వాలిఫయింగ్ కోసం ఆరాటపడటం మానేసి, ప్రాక్టీసు మొత్తం ఆదివారం రేసుకు కారును సిద్ధం చేసుకోవడం మీద పెట్టాడు. ఆ ఏడాది రేసు మధ్యలో ఇంధనం నింపడం నిషేధం, మొత్తం 220 లీటర్లే. పొదుపుగా నడిపేవాడికి అనువైన నియమం.

అర పాయింటు పుట్టింది జూన్‌లో, మొనాకోలో. భయంకరమైన వాన. ప్రోస్ట్ ముందున్నాడు. వెనకనుంచి టోల్‌మన్ అనే చిన్న జట్టు కారులో ఐర్టన్ సెన్నా అనే కొత్త కుర్రాడు ల్యాపు ల్యాపుకూ దగ్గరికొస్తున్నాడు. రేసు ఆపమని ప్రోస్ట్ చేతులూపాడు. 31 ల్యాపుల తర్వాత ఎర్రజెండా ఎగరేశారు. ప్రోస్ట్ గెలిచాడు. అయితే నియమం ప్రకారం రేసు దూరంలో నాలుగింట మూడొంతులు పూర్తికాకపోతే సగం పాయింట్లే. 9లో సగం 4.5. అదే రేసు పూర్తిగా జరిగి, సెన్నా ముందుకెళ్లిపోయి, ప్రోస్ట్ రెండో స్థానంలో వచ్చినా 6 పాయింట్లు వచ్చేవి. మిగతా సీజన్ ఇలాగే ఉంటే ప్రోస్ట్ మొత్తం 73 అయ్యేది. ఆ రోజు గెలవడమే అతనికి నష్టమైంది. అదే రేసులో లౌడా కారు జారి మధ్యలోనే ఆగిపోయింది, అతనికి ఒక్క పాయింటు కూడా లేదు. అందుకే ఇది పూర్తిగా లౌడా తెలివి అని నేననను.

చివరి రేసు పోర్చుగల్‌లో ఎస్టొరిల్, అక్టోబరు 21. లౌడా 66, ప్రోస్ట్ 62.5. ప్రోస్ట్ గెలిస్తే 71.5 అవుతాడు. లౌడా రెండో స్థానంలో వస్తే 72, మూడో స్థానమైతే 70. అంటే ప్రోస్ట్ గెలిచిన పక్షంలో రెండో స్థానం తప్ప వేరే దారి లేదు. లౌడా మొదలుపెట్టింది 11వ స్థానం నుంచి. ప్రోస్ట్ ముందుకెళ్లిపోయాడు. లౌడా ఒక్కొక్కరినీ దాటుకుంటూ మూడో స్థానానికి వచ్చాడు. రెండో స్థానంలో నైజెల్ మాన్సెల్, చాలా దూరంలో. 52వ ల్యాపులో మాన్సెల్ కారు బ్రేకులు పోయాయి. లౌడా రెండో స్థానానికి చేరి, ఇక ఏమీ తొందరపడకుండా కారును గమ్యం చేర్చాడు.

తర్వాతి ఏడాది ఒక్క రేసు గెలిచి ఆట ముగించాడు. మొత్తం 25 గెలుపులు. ఫెరారీ, మెక్‌లారెన్ రెండింటితోనూ ఛాంపియన్ అయినవాడు ఇప్పటికీ అతనొక్కడే. 1991 మేలో అతని విమాన కంపెనీ బోయింగ్ 767 ఒకటి థాయ్‌లాండ్‌లో కూలి 223 మంది చనిపోయారు. లౌడా స్వయంగా అక్కడికి వెళ్లాడు. గాల్లో ఉండగా ఇంజిన్ థ్రస్ట్ రివర్సర్ (నేల మీద దిగాక విమానాన్ని ఆపడానికి వాడే భాగం) తెరుచుకుంటే ఏమవుతుందో సిమ్యులేటర్‌లో తానే నడిపి చూశాడు, పైలట్లు కాపాడుకోలేని పరిస్థితి అని బోయింగ్ ఒప్పుకునేదాకా వదల్లేదు. 2012 నుంచి మెర్సిడెస్ జట్టులో పనిచేశాడు, డ్రైవరు లూయిస్ హామిల్టన్‌ను అక్కడికి రప్పించడంలో అతని చెయ్యి ఉంది. 2019 మే 20న చనిపోయాడు.

ఇదంతా విన్నాక మా వాడు ఊరుకోలేదు. 1991 నుంచి గెలుపుకు 9 బదులు 10 పాయింట్లు ఇచ్చారని వాడికి తెలుసు. మిగతా స్థానాలకు మార్పు లేదు. అక్కడే కాగితం తీసి 1984ను కొత్త లెక్కలో కట్టాడు. ప్రోస్ట్ ఆరు పూర్తి గెలుపులకు 60, మొనాకోకు 5, మిగిలినవి 13, మొత్తం 78. లౌడా అయిదు గెలుపులకు 50, నాలుగు రెండో స్థానాలకు 24, ఒక నాలుగో స్థానానికి 3, మొత్తం 77.

"చూసావా మావయ్యా, ప్రోస్టే ఛాంపియన్!" అన్నాడు.

లెక్క సరిగానే ఉంది. అయితే గెలుపుకు పది వస్తాయని ముందే తెలిసుంటే లౌడా ఆ సీజన్‌ను ఇలాగే నడిపేవాడని నేననుకోను. రుజువు చూపించలేను. వాడితో మళ్లీ ఉగాదికి ఈ వాదన ఉంటుంది.